ఆఫీసు గుమ్మం ముందు బోస్టన్ పాఠం

మా కరస్పాండెంట్ మదన్ మోహన్ గురించి మంచిమాట చెప్పమంటే నాకు నోరు రాదు. మెదక్‌లో ఆయన బడిలో టీచరుగా చేరాలంటే ముందు మన ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ ఆయన చేతిలో పెట్టాలి. పదో తరగతి మెమో, డిగ్రీ, బీఈడీ అన్నీ. అవి ఆఫీసు బీరువాలో ఉంటాయి, తాళంచెవి ఆయన జేబులో ఉంటుంది. ఎవరూ మధ్యలో మానేసి పోకుండా ఈ ఏర్పాటు. పిల్లలకు హక్కుల గురించి పాఠాలు చెప్పే మేం కిక్కురుమనకుండా ఇచ్చాం.

ఎలిశిబా కూడా ఇచ్చింది. సోషల్ టీచరు. చర్చి వెనక రెండు గదుల ఇల్లు. ఆదివారం క్వయర్‌లో పాడే ఆ గొంతే సోమవారం వెనక బెంచీని లేపి నిలబెడుతుంది. పద్నాలుగేళ్లుగా అదే బడి. గైడ్ చూసి జవాబు రాస్తే పేజీకి అడ్డంగా గీత కొట్టి మళ్లీ రాయించే మొండి మనిషి. మూడోసారి రాసిన పరీక్షలో ఆమెకు ప్రభుత్వ టీచరు ఉద్యోగం వచ్చింది. వయసు ప్రకారం అదే ఆఖరి అవకాశం. శుక్రవారం రెండు గంటలకు కలెక్టరేట్‌లో ఒరిజినల్స్ చూపించకపోతే ఆ ఉద్యోగం మరొకరికి పోతుంది.

"సార్, నా సర్టిఫికెట్లు ఇయ్యుండ్రి" అని సోమవారం అడిగింది.

"ఇయర్ ఖతం గానియ్యుండ్రి మేడమ్, అప్పుడు జూద్దాం" అన్నాడు, ఫోన్లోంచి తల ఎత్తకుండా.

మంగళవారం పదకొండు మందిమి సంతకాలు పెట్టి, అందరి సర్టిఫికెట్లూ తిరిగి ఇవ్వమని ఉత్తరం ఇచ్చాం. బుధవారం పొద్దున ఆఫీసు గుమ్మానికి అటొకరు ఇటొకరు కుర్చీలు వేసుకుని ఇద్దరు వస్తాదులు కూర్చున్నారు. "మీ సేఫ్టీ కోసమే పెట్టిన" అని కరస్పాండెంట్ స్టాఫ్‌రూమ్‌కొచ్చి మరీ చెప్పాడు. నా వైపు చూసి, "ఏం రజని మేడమ్, మంచిగున్నది గద?" అన్నాడు. మంచిగుందన్నాను. సాయంత్రానికి పది మందిమి పొరపాటున సంతకం చేశామని రాసిచ్చాం. సిగ్గులేని పని. ఎలిశిబా ఒక్కతే రాయలేదు. మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు, అదే ఇప్పటికీ మండుతుంది నాకు.

శుక్రవారం ప్రోగ్రెస్ కార్డుల కోసం తల్లిదండ్రులు వచ్చారు. ఎలిశిబా మొదటి పీరియడు తొమ్మిదో తరగతి పిల్లలను తీసుకొచ్చి ఆఫీసు ముందు వరండాలోనే కూర్చోబెట్టింది. వస్తాదులు ఏం చేయాలో తెలియక లోపలికి చూశారు. పక్క గది కిటికీలోంచి నేనూ చూస్తున్నాను.

"బోస్టన్‌కు పటాలం ఎందుకొచ్చింది?" అని అడిగింది.

ముందు వరసలో ఉన్న కృతిక లేచింది. కరస్పాండెంట్ కూతురు. "ప్రజలు తిరుగుబాటు చేశారు గనుక శాంతి కాపాడడానికి సైన్యాన్ని పంపారు మేడమ్."

"గది గైడ్ మాట. యుద్ధంల ఖజానా ఖాళీ చేసుకున్న బ్రిటన్, అమెరికాల ఉన్నోళ్లను అడగకుండనే కాగితం మీద, అద్దాల మీద, చాయపత్తి మీద సుంకమేసింది. వాళ్ల పార్లమెంటుల వీళ్ల మనిషి ఒక్కడు గూడ లేడు. సుంకం వసూలు జేసే అధికారులను జనం తరిమితే, వాళ్లు భయపడి పటాలం కావాల్నన్నరు. 1768ల పటాలం దిగింది. ఏడాదిన్నర తిరగకముందే గదే పటాలం కాలిస్తే అయిదుగురు సచ్చిండ్రు. ఇప్పుడు జెప్పు, పటాలం ఎవరిని కాపాడనీకి వచ్చింది?"

"వసూలు జేసేటోళ్లను మేడమ్." కృతిక కూర్చోలేదు. గుమ్మానికి అటూ ఇటూ ఉన్న ఇద్దరినీ చూసింది. సర్టిఫికెట్ల సంగతి తెలియని పిల్లలు మా బడిలో లేరు. "డాడీ, మేడమ్ కాగితాలు నీ దగ్గరెందుకున్నయి?" అంది, గట్టిగా.

వరండాలో కార్డులు తీసుకుంటున్న తల్లిదండ్రులు ఇటు తిరిగారు. "అవు సార్, ఎందుకున్నయి?" అన్నాడు ఎవరో తండ్రి.

మదన్ మోహన్ మొహం కందగడ్డయింది. బీరువా తెరిచి ఆమె ఫైలు బల్లమీద విసిరాడు. ఎలిశిబా ఒక్కో కాగితం సరిచూసుకుంది.

"తక్కిన పది మందియి గూడ ఇయ్యుండ్రి సార్."

"వాళ్లు అడిగిండ్రా?" అన్నాడు.

ఆమె తిరిగి మా గదుల వైపు చూసింది. నేను కిటికీ దగ్గర్నుంచి పక్కకు జరిగాను.

ఇప్పుడామె కుల్చారంలో ప్రభుత్వ టీచరు. మా సర్టిఫికెట్లు ఇంకా ఆ బీరువాలోనే ఉన్నాయి. వస్తాదులను మాత్రం ఆ మర్నాడే పంపించేశాడు. మమ్మల్ని ఆపడానికి వాళ్లు అక్కర్లేదు.