తేట తేరేదాకా

మజ్జిగ గ్లాసు కాసేపు కదలకుండా ఉంటే చిక్కదనం అడుగుకు దిగి, పైన పల్చని తేట తేరుతుంది. తాగే ముందు నేను దాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి చూస్తాను. "తాగేది సల్ల గదా, నెత్తురు గాదు" అని మా ఆయన నవ్వుతారు. చంద్రపూర్‌లోని తుకుం పేటలో నా చిన్న ల్యాబ్‌కు తాళం వేసి ఇంటికొచ్చాక కూడా ఆ చూపు నన్ను వదలదు. అది రాజన్న సార్ అంటించిన రోగం.

సార్ ఇదే ఊళ్లో ఒక చిన్న ఆసుపత్రి బ్లడ్ బ్యాంకుకు పెద్ద. రాజురా వైపు తెలుగు రైతు కుటుంబం. ఇంట్లో తెలుగే అయినా చదువంతా మరాఠీ కావడంతో, తెలుగు బోర్డు కనిపిస్తే కూడబలుక్కుని చదివేవారు. ఊళ్లోకి రంగు టీవీలు, కొత్త స్కూటర్లు దిగుతున్న ఆ రోజుల్లో మా దగ్గర గాజు సీసాలు పోయి ప్లాస్టిక్ సంచులు వచ్చాయి. నేను కొత్తగా చేరాను. మొదటి వారమే ఆయన ఒక సంచిని, నిద్రపోతున్న బిడ్డను ఎత్తినట్టు, ఫ్రిజ్‌లోంచి తీసి చూపించారు. కింద ఎర్రకణాలు, పైన పసుపు తేట.

"గీ తేట ఎర్రగైతే లోపల కణాలు పగులుతున్నయన్నట్టు. గా ముక్కలు రోగి ఒంట్లకు పోతే తెల్లకణాలు గవి ఏరుకుంటనే కూసుంటయ్. ఇగ క్రిములతోని కొట్లాడేదెవ్వలు?"

"బుక్కుల ఉందా సార్?"

"లేదు. నా అనుమానం."

తేట ఎర్రబడితే ఆ సంచి ఎవరికీ ఇచ్చేవారు కాదు. గడువు ఉన్నా సరే, లేత గులాబీ ఛాయ తగిలితే జ్వరమున్న రోగికి ఇవ్వరు.

నాకు పని మీద భక్తి ఎక్కువ, బుద్ధి తక్కువ. మందు సీసా కలిపి తాగాలని చిన్నప్పటినుంచి విన్నదాన్ని. సార్ రెండు రోజులు సెలవు పెడితే, ఫ్రిజ్‌లోని సంచులన్నిటినీ పొద్దున్నే తిప్పి కలిపాను. మూడో రోజు కూడా ఆయన రాకముందే కలిపేశాను. ఆ పూటే కోర్పనా వైపునుంచి మల్లేశ్ అనే రైతు, బాలింత భార్యను తెచ్చాడు. ఆమెకు జ్వరం, ఒంట్లో రక్తం లేదు. అతని రక్తం ఆమెకు సరిపోలేదు. ఆమె గ్రూపుది మా దగ్గర ఒకటే సంచి, అదీ గడువు దగ్గరపడింది. సార్ దాన్ని కిటికీకి ఎత్తారు. సంచంతా ఒకటే ఎరుపు, తేట రంగు తెలిసే దారి లేదు.

"ఎవ్వలు కలిపిన్రు?"

"నేనే సార్. మంచిగుంటదని..."

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. గిర్రున తిప్పి తేటను వేరుచేసే యంత్రం ఉంది గానీ కరెంటు లేదు. ఎక్కడెక్కడికో కరెంటు పంపే ఊళ్లో మాకే కోత. సార్ సంచిని మళ్లీ ఫ్రిజ్‌లో నిలబెట్టి, వార్డు డాక్టరుతో మాట్లాడి వచ్చారు. "ఇగ ఆగుడే" అన్నారు.

మల్లేశ్ తలుపు దగ్గరికి వచ్చాడు. "సార్, రక్తం ఉందంటిరి. మరి ఇస్తలేరేంది? ఆమెకు దమ్మొస్తంది."

"థాంబ్ రే బాబా" అని అలవాటుగా మరాఠీలోకి జారి, సార్ మళ్లీ తెలుగులోకి వచ్చారు. "జెర ఆగు. మంచిదో కాదో తెల్వాలె. మా దిక్కుకెల్లి తప్పైంది."

మా అన్నారు. నా వైపు చూడలేదు.

మూడు గంటలు గడిచాక పైన వేలెడు తేట తేరింది. శుభ్రమైన పసుపు. రక్తం మొదటినుంచీ మంచిదే. నేను కలపకపోతే ఆమెకు పొద్దున్నే ఎక్కేది. అది తెలిసి నాకు సంతోషం కలగలేదు, సిగ్గేసింది. ఆమె బతికింది. ఆ మూడు గంటలు ఎలా ఊపిరి తీసిందో వార్డుకు వెళ్లి చూసే ధైర్యం మాత్రం నాకు చాలలేదు.

సాయంత్రం సార్‌తో అన్నాను: "సంచి మంచిదే గదా సార్. ఊకెనే ఆగినం."

"మంచిదని ఇప్పుడు తెల్సింది. పొద్దుగాల తెల్వదు."

సార్ పోయి చాలా ఏళ్లయింది. నిలవ రక్తంలో పగిలిన కణాలనుంచి బయటపడే ఎర్రపదార్థం, ఇనుము మన రక్షక కణాలను దారి తప్పిస్తాయని ఇప్పుడు పరిశోధకులూ అంటున్నారు. రోగికి దానివల్ల ఎంత కీడో ఇంకా వాదులాడుకుంటూనే ఉన్నారు. ఆ వాదన వింటే ఆయన తన అనుమానాన్ని అనుమానంగానే ఉంచుకునేవారని నా నమ్మకం.

నిన్న మా ఆయన నా గ్లాసులో చెంచా పెట్టబోయారు. గబుక్కున చెయ్యి పట్టుకున్నాను.

"ఏంది, సల్ల గూడనా?"

"కలపకుర్రి. ఇంకా సూడలే."