అరమాత్ర ఏడుపు

నా భార్య పోయిన రోజున నాకు కన్నీళ్లు రాలేదు. అప్పటికే ఏడాదిగా మనసు కుంగుబాటుకు మాత్రలు మింగుతున్నాను. అవి దుఃఖాన్ని ఆపాయి, నిజమే. ఏ దుఃఖాన్ని ఆపాలో మాత్రం వాటికి ఎవరూ చెప్పినట్టు లేదు. చావుకు వచ్చిన బావమరిది నా మొహంలోకి వంగి చూసి, "ఏంది బావా, మా అక్క ఉసూర్ సంతకు పోయిందనుకున్నవా" అన్నాడు. నలుగురూ విన్నారు. నలభై ఏళ్ల కిందటి మాటలే మరవనివాణ్ణి, ఇది మరుస్తానా?

మా వైపు పోయినవాళ్లకు తర్వాత వీలు చూసుకుని రాయి నిలబెడతారు. ఆమె రాయికి ఎండాకాలంలో రోజు కుదిరింది. ఆ రోజు నేను ఏడవాలి. అందుకని బీజాపూర్‌లో డాక్టరు దగ్గరికి పోయి, మాత్రలు మానేస్తానన్నాను. ఎందుకని అడిగాడు.

"రోనా హై, సాబ్" అన్నాను, ఏడవాలని.

ఆయన కలం మూత తీశాడు. ఒక్కసారిగా మానొద్దని, కొంచెం కొంచెం తగ్గించమని, మరీ కష్టమైతే మళ్లీ రమ్మని రాసిచ్చాడు. బడి మొహం చూడకపోయినా పొట్లాల కాగితాల మీద చదువు నేర్చినవాణ్ణి. ఆ హిందీ చీటీని మూడుసార్లు చదివాను. ఏడుపు ఏ పూట వస్తుందో అందులో లేదు.

అరమాత్రకు దిగిన వారానికి, కళ్లు పక్కకు తిప్పితే చాలు, తలలో కరెంటు కొట్టేది. పక్కకు చూడాలంటే ఎడ్లబండిలా ఒళ్లంతా తిప్పేవాణ్ణి. ఆ తర్వాత ఏడుపు వచ్చింది, నేను పిలవని చోటల్లా. సంతలో ఎవరో చింతపండు తూస్తుంటే ఏడ్చాను. రేషన్ దుకాణంలో నా వేలిముద్రను మిషను ఒప్పుకుందని ఏడ్చాను. గట్టు కోసం నాతో ముప్పై ఏళ్లు పోట్లాడిన పొరుగు రైతు చస్తే, వాడి కొడుకుల కంటే ఎక్కువ ఏడ్చాను. వాళ్లే నన్ను ఓదార్చి, కల్లు పోసి, ఇంటిదాకా దిగబెట్టారు. ఆ గట్టు ఇప్పటికీ నాదే.

మా కోడలికి విసుగొచ్చింది. "గుమ్మడికాయ కోస్తే ఏడుస్తవేంది మామా? అది నీకేమైతది?"

"నాకేం తెల్సు. దాన్నే అడుగు."

"రాయి నాటికి కొన్ని కన్నీళ్లు మిగిల్చుకో."

రాయి రోజు డోలు మోగింది. రాయిని గుంటలో నిలబెట్టి, చుట్టూ మట్టి పోసి తొక్కారు. అందరూ నా వైపు చూశారు. బావమరిది మరీ దగ్గరికొచ్చి చూశాడు. ఒక్క చుక్క లేదు. బదులుగా కోపం వచ్చింది, మాత్రలు మొదలైనప్పటి నుంచి ఎన్నడూ రానంత కోపం. రాయి మీదికి పోయాను.

"చెప్పకుండ పోతవా? నా అంగీలు యాడ పెట్టినవో చెప్పినవా? జరమొస్తే నాకు దాచిపెట్టి పొలం పోయినవ్. మొండిదానివి. ఎన్నడన్న ఒకరి మాట ఇన్నవా?"

పోయినవాళ్లను తిడుతూ ఏడవడం మా ఆడవాళ్ల పద్ధతి. నావీ ఆ తిట్లే అనుకుని వాళ్లు నా వెనకే శోకాలు అందుకున్నారు. బావమరిది నా భుజం పట్టుకుని, "చాలు బావా, బాగ ఏడ్చినవ్, కూసో" అన్నాడు. వాడి కళ్లు తడిగా ఉన్నాయి.

నేను ఏడవడం లేదు, నిజంగానే తిడుతున్నాను. జ్వరం సంగతి ఒక్క మాట చెప్పి ఉంటే ట్రాక్టరు మాట్లాడి ఆస్పత్రికి తీసుకుపోయేవాణ్ణి. వాడి చెయ్యి విదిలించుకున్నాను.

"ఉండు. నాది ఇంక కాలే."