జున్ను గిన్నె

తెనాలిలో బియ్యం మిల్లులో గుమాస్తాగా ఉంటూ, సాయంత్రాలు గ్రంథాలయంలో గడిపేవాణ్ణి. నా బడి చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. అయినా పట్టభద్రుల కంటే నేనే ఎక్కువ చదివానని గర్వం. పంతొమ్మిదివందల అరవైల చివర్లో అక్కడే ఒక పుస్తకం చదివి మాంసం, చేపలు మానేశాను. ఇంకో పుస్తకం చదివి పాలు, పెరుగు, నెయ్యి కూడా మానేశాను. పాలు దూడవి, మనవి కావు అని అందులో ఉంది.

మాది చుట్టం వస్తే కోడిని కోసే ఇల్లు. నేను చేపలు మానినప్పుడు బావ నవ్వాడు. "మీ తమ్ముడు పంతులుగారైపోయాడే!" అన్నాడు అక్కతో. పెరుగు మానినప్పుడు నవ్వలేదు. "పంతులుగారు కూడా నెయ్యేసుకుంటారు గదరా. నువ్వేంటి మరి?" అన్నాడు.

అక్కది రేపల్లె. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. రెండేళ్లుగా చూడి నిలవని ఆమె గేదె ఆ ఏడు ఈనింది. మొదటి జున్ను పుట్టింటివాళ్లు తినాలని మా ఇళ్లలో ఆనవాయితీ. పుట్టిల్లంటూ ఆమెకు మిగిలింది నేనొక్కణ్ణే. బెల్లం, మిరియాలు వేసి వండి, గిన్నెకు తడిగుడ్డ చుట్టి, ఒళ్లో పెట్టుకుని పొద్దున్న రైల్లో తెనాలి వచ్చింది.

ఆదివారం కావడంతో నా గదిలో మిల్లు స్నేహితులిద్దరు ఉన్నారు.

"పాలు, పెరుగు, నెయ్యి అన్నావు గానీ జున్ను అన్లేదు గదరా. అందుకే తెచ్చా," అంది అక్క, ముఖమంతా నవ్వుతూ.

స్నేహితులు పకపకా నవ్వారు. వాళ్ల ముందు నాకు చిన్నతనంగా అనిపించింది. లేచి నిలబడి ఉపన్యాసం మొదలుపెట్టాను. "దూడ నోటి దగ్గరది లాక్కొచ్చి నాకు పెడతావా?" అన్నాను చివర్లో.

"నేను దూడ నోరు కొడతానంట్రా? అది తాగి గంతులేశాకే పితికా."

"నీకు చదువు లేదు. చెప్పినా అర్థం కాదు."

గదిలో నవ్వు ఆగిపోయింది. "ఇలా ఇవ్వండక్కా, మేం తింటాం," అని ఒక స్నేహితుడు గిన్నె అందుకున్నాడు. వాళ్లు తినేదాకా అక్క గోడవైపు చూస్తూ కూర్చుంది. గిన్నె కడుక్కుని తర్వాతి రైలుకు వెళ్లిపోయింది. అన్నం తిని వెళ్లమని కూడా నేను అనలేదు.

రెండు నెలలకు రేపల్లె వెళ్లాను. బావ నిజాంపట్నం నుంచి చేపలు తెచ్చాడు. వంటిల్లంతా పులుసు వాసన. అక్క నా కోసం వసారాలో వేరే పొయ్యి పెట్టి, కొత్త కుండల్లో పప్పు, కూర, చారు వండింది. విస్తరి వేసి, గరిటె పట్టుకుని నిలబడింది.

"నూనె తాలింపేరా. ఇంగువ వేశా. ఇంగువ తినొచ్చా?"

"తినొచ్చక్కా."

"పుస్తకంలో ఏమన్నా ఉందేమో గుర్తు చేసుకో. వద్దంటే వేరే వండుతా."

బడి ఎగ్గొట్టి వచ్చినా, జ్వరంతో పడుకున్నా, నన్నడక్కుండా నోట్లో ముద్ద పెట్టిన మనిషి. నేను తలెత్తలేకపోయాను. "అన్నీ వెయ్యక్కా," అన్నాను. వేసింది. కానీ ఒక్కో కుండ మూత తీసి, చూపించి, నేను తల ఊపాకే వేసింది.

పాలు నేను ఇప్పటికీ ముట్టను. అక్క ఉన్నన్నాళ్లూ, అడక్కుండా నా విస్తట్లో ఏదీ వడ్డించలేదు.