రాని న్యూట్రినోలు

ఎనభైల చివర్లో హాలియా నుంచి నల్లగొండ వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్నామె ఒళ్లోని కాగితాల మీది రాతను కలంతో అడ్డంగా కొట్టేస్తోంది. బడిపంతులును కదా, ఊరుకోలేకపోయాను.

"పిల్లల పేపర్లా అమ్మా?"

"నా పరిశోధన రాతలే సార్. ఆకాశంకెల్లి వచ్చే విశ్వకిరణాలల్ల ఒక రకం కణాలు అనుకున్నదానికంటె ఎక్కువొస్తున్నయ్. కంటికి కనవడని పదార్థంకెల్లే వస్తున్నయని రాసిన. గదే నిజమైతే, గా పదార్థం సూర్యునిల సుత చేరి న్యూట్రినోలనే కణాలు పంపాలె. భూమి లోతుల యంత్రాలు పెట్టి ఏండ్లకేండ్లు చూసిండ్రు. రాలే."

"మరి మీ కష్టం?"

"తప్పని తేలింది గద సార్. గా మాట ముందుగాల నేనే చెప్పాలె."

తడికళ్లతోనే నవ్వి, ఇంకో పేజీ కొట్టేసింది.

మర్నాడు బడిలో, చంద్రుడి కళలకు భూమి నీడ కారణం కాదని, ఇన్నేళ్లూ నేనే తప్పు చెప్పానని, తప్పని తెలిశాక కూడా దాచానని పిల్లలతో అన్నాను.