కాయ తినని చెట్టు

మా రరోటోంగా దీవిలో, ఆకైటి ఇంటి వాకిట్లో ఎర్ర తురాయి ఉంది. మాకు ఎండాకాలంలో వచ్చే క్రిస్మస్ నాటికి ఆకు కనిపించకుండా విరగబూస్తుంది. చర్చికి పోయేవాళ్ళు చూసి ముచ్చటపడతారు, "ఏం లాభం, ఒక్క కాయ నోట్లో పెట్టుకునేది కాదు" అని నవ్వుకుంటూ పోతారు. ఇక్కడ జానెడు నేలున్నవాడు కొబ్బరో సీమపనసో వేస్తాడు గానీ, పూల కోసం వాకిలంతా ధారపోయడు.

బిడ్డ పుడితే మరీను. బిడ్డతో వచ్చిన మావిని ఇంటికి తెచ్చి పాతి, దాని మీద కొబ్బరి మొక్క నాటుతారు. బిడ్డ తన చెట్టు కాయ తాను తింటూ పెరగాలని. మా భాషలో నేలకీ, మావికీ మాట ఒకటే: ఎనువా.

ఆకైటికి పుట్టింది ఒక్కతే ఆడపిల్ల, ఊపిరి లేకుండా పుట్టింది. ఆసుపత్రిలో ఎనువాను గుడ్డలో చుట్టి ఇస్తే, భర్త మటాయో స్కూటరు మీద ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. గొయ్యి తీసి పాతాడు. కొబ్బరి మొక్క చేతిలోకి తీసుకుని, మళ్ళీ పక్కన పెట్టేశాడు.

"తినే పిల్ల లేనప్పుడు కాయలెవరికే? పూలైతే నువ్వన్నా చూసుకుంటావు" అన్నాడు. తురాయి గింజ అంచు కత్తితో గీకి, నీళ్ళలో నానబెట్టి నాటాడు.

బిడ్డ పోయిందని ఊరందరికీ తెలుసు. ఎనువా ఎక్కడుందో మాత్రం ఆ ఇద్దరికే తెలుసు. మటాయో అక్క మెటువాకి అసలే చెప్పలేదు. మనిషి బంగారమే, కానీ ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. చెబితే మర్నాటికల్లా కబురు దీవి చుట్టి వస్తుంది, ఓదార్చేవాళ్ళు వాకిలి నింపేస్తారు. దానికి ఓర్చుకునే శక్తి ఆకైటికి లేదు.

మటాయో పోయాక, అందరిలాగే అతన్నీ సొంత వాకిట్లోనే పాతిపెట్టారు. మెటువా దగ్గరుండి పైన సిమెంటు పలక పోయించి సున్నం కొట్టించింది. ఏళ్ళు గడిచాయి. తురాయి వేరు పలక కిందికి దూరి దాన్ని ఒక పక్కకి ఎత్తేసింది. అది చూసిన మెటువా ఓ ఉదయం చెట్లు కొట్టే టుటాయిని మోటారు రంపంతో వెంటబెట్టుకు వచ్చింది. నేల మటాయో కుటుంబానిది, మాట పెద్దావిడది.

"బతికున్నన్నాళ్ళూ వాణ్ణి పొద్దున్నే లేపలేక చచ్చాను. ఇప్పుడీ చెట్టు లేపుతోంది" అంది మెటువా. "టుటాయీ, మొదలంటా కొట్టెయ్."

"వదినా, కొమ్మలు కొట్టించు. మొదలు వద్దు."

"వేరు చేసిన పనికి కొమ్మలు కొడతారా? కాలు నొప్పికి జుట్టు కత్తిరించుకుంటామటే? తిండికి పనికిరాని చెట్టు, తమ్ముడి సమాధి కంటే ఎక్కువైందా నీకు?"

టుటాయి రంపం తాడు లాగాడు. అది ఒక్కసారిగా గర్జించింది. ఆకైటి వెళ్ళి మానుకి వీపు ఆనించి నిలబడింది. అతను కంగారుపడి రంపం ఆపేశాడు.

"దీని కింద నా పిల్ల ఎనువా ఉంది, వదినా" అంది. "మీ తమ్ముడే పాతాడు."

మెటువా మెల్లగా పలక అంచున కూర్చుని, తల మీది టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"మేనత్తని. నాకు చెప్పలేదు."

"చెబితే ఊరంతా తిరిగేది."

"తిరిగేదే" ఒప్పుకుంది మెటువా. చెట్టు మొదలు నుంచి పలక కిందికి దూరిన వేరుని పొడుగునా చూసింది. చెయ్యి చాచి, దాని మీది మట్టి దులిపింది.

"టుటాయీ, రంపం బండిలో పెట్టు. సమ్మెట పట్రా. ఈ పలక పగలగొట్టు."

"సమాధి పలకా?" అతను జంకాడు.

"సిమెంటేరా. నా మేనకోడలు వాళ్ళ నాన్న దగ్గరికి వస్తుంటే, అడ్డం పోయించింది నేనే."