కనుబొమలో దిగిన గాలం

తొంభైల చివర్లో మేం మల్కాపురంలో ఉండేవాళ్లం. పోర్టులో పనిచేసే మా ఆయన కుడిచేతి వేళ్లు రెండు ఇనుప గొలుసు కింద నలిగి తెగిపోయాయి. అప్పటినుంచి ఆ చేతిని తువ్వాలుతో కప్పుకుని, ఎంతో ఇష్టమైన చేపల వేట కూడా మానేశారు.

ఆయన గాలానికి ఎరకు బదులు కోడి ఈక కట్టేవారు. ఒకరోజు ఎలా కట్టాలో ఆయన్ను అడిగి నేనే కట్టాను. పెట్ట మెడమీది మెత్తటి ఈకను గాలం చుట్టూ తిప్పి దారంతో ముడివేశాను.

"మరీ బిగించకే. నీళ్లల్లో ఈక ఆడాల, అప్పుడే సేప పురుగనుకుంటాది" అన్నారు.

ఆదివారం పొద్దున్నే బతిమాలి సముద్రపు ఒడ్డు బండల మీదికి తీసుకెళ్లాను. నేను విసిరిన గాలం ఎదురుగాలికి వెనక్కొచ్చి నా కనుబొమలో దిగింది. కంట్లోకి రక్తం కారింది.

"మావా, నా కన్ను పోనాది!" అని అరిచాను.

ఆయన తువ్వాలు అవతల పడేశారు. "కన్నుకేటీ అవలేదు. కదలకు, నానున్నాను గదా" అంటూ మిగిలిన మూడు వేళ్లతో నా నుదురు అదిమిపట్టారు. వెనక్కి లాగితే గాలం ముల్లు పట్టేస్తుందని, ఎడమచేత్తో దాన్ని ముందుకు తోసి, బయటికొచ్చిన మొనను గాలాల సంచిలోని కటింగ్ ప్లేయర్‌తో తుంచి, మిగతాది వెనక్కి లాగేశారు.

ఇంజెక్షన్ కోసం ఆసుపత్రికి వెళ్తుంటే దారంతా నా విసురు గురించి నవ్వుతూనే ఉన్నారు.

నెలల తరబడి నేను చెప్పిన ఓదార్పు మాటలకు తేరుకోని మనిషి, నాకు ఆయన అవసరం పడగానే తేరుకున్నారు. ఇప్పుడు ఎవరైనా కుంగిపోయి కనిపిస్తే, ముందు నాకేదైనా సాయం చేసిపెట్టమని అడుగుతాను.