ఆవకాయ ఎక్కని ఓడ

మా మావయ్యకి దొరికిన మొదటి విదేశీ ఆర్డర్‌ని నేనొక్కణ్ణే, ఎవరి సాయమూ లేకుండా, సముద్రం దాకా తీసుకెళ్ళి ముంచాను. ఓడ మాత్రం మునగలేదు. అది చక్కగా వెళ్ళిపోయింది. అదే అసలు గొడవ.

అప్పుడే ఎంబీఏ పూర్తిచేసి, విజయవాడ వన్ టౌన్‌లో మావయ్య పచ్చళ్ళ వ్యాపారంలో ‘ఎక్స్‌పోర్ట్ మేనేజర్’గా చేరాను. ఆ బోర్డు నేనే రాయించుకున్నాను. దసరాలోపు కంటైనర్ నిండా ఆవకాయ దుబాయ్ చేరాలి, లేకపోతే ఆర్డర్ రద్దు. ఏ రేవు నుంచి పంపాలో తేల్చే పని నాది.

రెండు రేవుల్ని పోల్చి, రంగురంగుల గ్రాఫులు మావయ్య ముందు పెట్టాను.

"పెద్ద రేవులో ఓడ రోజుల తరబడి ఆగుతుంది మావయ్యా. ఈ చిన్న రేవులో పొద్దున వచ్చి సాయంత్రానికి వెళ్ళిపోతుంది. సామర్థ్యం అంటే ఇదీ."

"ఎందుకురా అంత తొందరగా వెళ్ళిపోతుంది?"

"అదంతా మేనేజ్‌మెంట్. చెప్పినా నీకు అర్థం కాదులే."

"ఈగలు తోలుకునే హోటల్లో కూడా ఇడ్లీ వెంటనే పెడతార్రా," అన్నాడు మావయ్య.

పాపం, పాతకాలం మనిషి అని జాలిపడ్డాను. పట్టుబట్టి చిన్న రేవుకే లారీ పంపించాను.

మర్నాడు అక్కడి ఏజెంట్ ఫోన్ చేశాడు.

"మీ కంటైనర్ ఇంకా గేటు దగ్గర తనిఖీలోనే ఉందండీ. ఓడ వెళ్ళిపోయిందండీ."

"మా సరుకు ఎక్కించుకోకుండానే?"

"మా దగ్గర ఓడలు అస్సలు ఆగవండీ. ఆ విషయంలో మాకు మంచి పేరు."

"తర్వాతి ఓడ ఎప్పుడండీ?"

"దసరా వెళ్ళాక రావచ్చండీ. అసలిక్కడికి ఓడలు పెద్దగా రావు కదండీ."

మీకు ఎప్పుడో అర్థమైపోయి ఉంటుంది. ఎంబీఏ కదా, నాకు అప్పుడు అర్థమైంది. ఓడ రేవులో ఎంతసేపు ఉంటుందో కొలిచాను గానీ, మన కంటైనర్ ఓడ కోసం ఎన్నాళ్ళు పడిగాపులు పడాలో కొలవలేదు. ఎక్కించుకోవడానికి సరుకే లేని చోట ఏ ఓడ మాత్రం ఎందుకాగుతుంది?

ఆర్డర్ పోయింది. ఆవకాయ విజయవాడ తిరిగొచ్చింది. మావయ్య మొహం చూడాలంటే నిజంగా సిగ్గేసింది. ఆయన తిట్టలేదు. భోజనానికి పిలిచి, అన్నం కంటే ఎక్కువ ఆవకాయ వడ్డించాడు. నాలుగు ముద్దలు గబగబా మింగి లేవబోయాను.

"నిదానంగా తినరా," అన్నాడు. "వెళ్ళాల్సిన ఓడ ఎలాగూ వెళ్ళిపోయింది."

ఆ ఎర్రటి చేత్తోనే ప్రమాణం చేశాను: ఈ జన్మలో జనం లేని రేవుని పొగడను, జనం లేని హోటల్లో ఇడ్లీ తినను.